తెగని లైనుకి మెప్పు లేదు

అసలు ఆ మనిషితో నేను వేగలేను బావగారూ. మీ చెల్లెలు మీకు సగమే చెప్పి ఉంటుంది. ఓనరైతే కావచ్చు, ఊరందరికీ టవర్ల మీంచి ఇంటర్నెట్ ఇచ్చేది ఆయన కంపెనీయే కావచ్చు. అయినా ఒక హద్దుండాలా వద్దా?

కుర్చీ ఇటు లాక్కోండి, మొదట్నించీ చెప్తాను.

ఊరికి నెట్ వెళ్ళేది కొండ మీది టవర్ నుంచి కదా. గట్టిగా గాలేస్తే చాలు, డిష్ పక్కకి తిరిగేది, ఊరంతా ఆగిపోయేది, నేను పడుతూ లేస్తూ కొండెక్కేవాణ్ణి. ఇలా లాభం లేదని నీళ్ళ ట్యాంకు మీద రెండో టవర్ పెట్టించాను. నెట్ వెళ్ళే దారి దానంతట అదే మారేలా ఆఫీసులో ఒక మిషను పెట్టాను. మిషను కొండని పలకరిస్తూనే ఉంటుంది, ఉన్నావా అని. పలక్కపోతే ట్యాంకు వైపు తిప్పేస్తుంది. కొండ మళ్ళీ పలికినా వెంటనే నమ్మదు. అలిగి వెళ్ళినవాడు గుమ్మంలో అడుగు పెట్టగానే బీరువా తాళాలిచ్చేస్తామా? కుదురుకున్నాడని తేలాలిగా.

పనిచేస్తుందో లేదో కళ్ళారా చూస్తానన్నాడు ఓనరు. ఆఫీసు గోడ మీద పెద్ద తెర పెట్టి వాళ్ళమ్మాయికి వీడియో కాల్ చేశాడు. నేను కొండ మీద ఉన్న టెక్నీషియన్‌కి మెసేజ్ పంపాను, ఆపెయ్యమని. ఆపేశాడు. ఆ అమ్మాయి కనురెప్ప కూడా తడబడలేదు, అత్తగారి మీద చాడీలు చెబుతూనే ఉంది. నా గుండె పొంగిపోయిందంటే నమ్మండి.

ఓనరు మాత్రం కుర్చీ అంచున అలాగే కూర్చున్నాడు. కాసేపు చూసి, "ఎప్పుడు మొదలుపెడతావయ్యా?" అన్నాడు.

"అయిపోయిందండీ" అన్నాను.

"ఏదీ? ఏం జరగలేదుగా."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నేను నోరు తెరిచేలోపే ట్యాంకు దగ్గరున్నవాడికి తనే ఫోన్ చేసి రెండోదీ ఆపించేశాడు. తెర మీద అమ్మాయి నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. ఆఫీసులో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. అప్పుడు తిరిగాడండీ నా వైపు, కనిపెట్టేసినట్టు మొహం పెట్టి, చూశావా, మార్చలేకపోయింది నీ మిషను అని. రెండు కాళ్ళూ విరగ్గొట్టి పరిగెత్తమంటే ఎలా పరిగెడుతుంది?

అంతటితో పోయిందా? మొన్నటి గాలివానకి కొండ మీది డిష్ తిరిగిపోయింది. ఊళ్ళో ఒక్క ఇంట్లో కూడా తెలియలేదు. ఒక్క ఫోన్ రాలేదు. దానికి ఆయన తీర్పేమిటో తెలుసా? అంత గాలికీ ఏమీ కాలేదంటే మొదటిదే గట్టిదట, రెండోది దండగట, ట్యాంకు మీది టవర్ పీకించేస్తాడట.

నవ్వకండి బావగారూ. ఏడాది కష్టం అది.

మీ చెల్లెలికి కూడా చెప్పలేదు, మీకు చెప్తున్నా. ఆయన మేస్త్రీలని పిలిచేలోపు నేనే, నా చేత్తోనే, దారి మారేటప్పుడు లైను ఒక్క క్షణం ఆగేలా మార్చేశాను. చక్కగా ఉన్నదానికి చేజేతులా అవిటితనం పెట్టాను.

మర్నాడే గాలేసింది. ఊరంతా ఆగింది, అందరూ అబ్బా అనేలోపు మళ్ళీ వచ్చింది. ఇహ మెచ్చుకోళ్ళే మెచ్చుకోళ్ళు. ఓనరు నా భుజం తట్టి, ట్యాంకు మీది టవర్ ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. ఒక టీచరమ్మయితే పనిగట్టుకుని ఫోన్ చేసింది. ఇన్నాళ్ళూ మీరేం చేస్తున్నారో తెలిసేది కాదు బాబూ, ఇప్పుడు తెగిన మరుక్షణం బాగుచేసేస్తున్నారు అంది.

ఏమంటాను? సంతోషమండీ అన్నాను.