పెదవి తాకించి పలక బిగించిన ఇనాయతుల్లా గారు

1948వ సంవత్సరం నవంబరు మూడవ తేదీన, భైంసాలో ఫోటోలు కడిగే పని వదిలి, ఖానాపూర్ గుట్ట మీద నక్షత్రాలు చూసే మా వేధశాలలో దినకూలీ కావలిదారుగా చేరిన జనాబ్ ఇనాయతుల్లా గారు, ఇరవై ఏండ్ల నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున ఛాయాఫలక రక్షకులుగా పదవీ విరమణ చేయనున్నారు.

1952లో వారికి చీకటిగదిని అప్పగించారు. దూరదర్శినికి బిగించే గాజుపలకకు ఒక వైపే వెలుతురును పట్టే పూత ఉంటుంది; ఆ గదిలో దీపం నిషిద్ధం. కనుక పలక అంచును కింది పెదవికి తాకించి, అంటుకున్న వైపే పూత అని గుర్తించడం వారి పద్ధతి. పదకొండేండ్లలో ఒక్క పలక తప్పలేదు. అయినా ప్రతి పలకకూ వారి చేయి వణికేది.

1963 జనవరిలో, సప్తర్షుల దాపున ఉన్న ఒక సర్పిల గెలాక్సీని పరిశీలించడానికి పట్నం నుంచి పరిశోధకులొకరు విచ్చేశారు. కోటి ఏండ్ల కింద బయలుదేరిన వెలుగు అది. నడుమ కాంతిముద్ద, దాని చుట్టూ పొగవలె పలుచని రెండు బాహువులు. ఆ బాహువులు ఏ దిక్కుకు చుట్టుకున్నాయో తేల్చాలంటే, ఒకే పలకను మూడు రాత్రులు దానికి చూపాలి.

రంజాన్ మొదలైన దినాలవి. పొద్దు గూకక ముందే పలక బిగించవలసి రాగా, ఉపవాసంలో పూతను పెదవికి తాకించరాదని వారు వేలికొనతో తడిమి బిగించారు. పలక దూరదర్శినికి ఎక్కి, వెలుగు పడడం మొదలైన తరువాత వారికి అనుమానం పట్టుకుంది: పూత అటువైపు ఉన్నదేమో!

"రోజా ఇడిసినంక గూడ రోజానేనా మీది? జర రొట్టె ముట్టుండ్రి" అన్నారు వారి ఇల్లాలు సుల్తాన్ బీ గారు.

"నౌకరి ఖాయమైన కాగితం ఇంక రాలే. పలక ఉల్టా పడ్డదంటే మన ఇల్లే ఉల్టా."

దూరదర్శిని తిప్పే మా రాజం ధైర్యం చెప్పబోయాడు. "ఊకో మియా. బొమ్మ మసకగొస్తే మంచు పడ్డదందాం. సారుకేం ఎరుక?"

నాలుగవ దినం ఉదయం, పలక కడగక ముందే, ఇనాయతుల్లా గారు పరిశోధకుల ఎదుట నిలబడ్డారు. "సార్, పలక ఉల్టా పెట్టిన్నేమో." వారు పలకను కడిగించి ఆరబెట్టించారు. నక్షత్రపటంతో పోల్చి చూస్తే, పూత నిజంగానే అటువైపు పడినందున కుడి చుక్కలు ఎడమన ఉన్నాయి; బాహువులు మసకబారి, తప్పు దిక్కుకు చుట్టుకొని ఉన్నాయి.

"పూత ఇటే అని పలక మూలన నువ్వు పెట్టిన గుర్తు నమ్మి కొలిచేవాణ్ణి. పటం తీసేవాణ్ణే కాదు. ఎందుకు చెప్పావు?"

"మన రాత చదివేటోళ్ళు అంత దూరం పోయి చూసొస్తరా సార్? రాసిందే నమ్ముతరు."

మెప్పూ లేదు, మందలింపూ లేదు. "వచ్చే అమావాస్యకు మళ్ళీ తీద్దాం. ఇఫ్తార్ అయ్యాకే పలక పెట్టు" అని మాత్రం అన్నారు. ఫిబ్రవరి పలకలో రెండు బాహువులూ తేటగా, సరైన దిక్కుకు తిరిగి వచ్చాయి.

అయినా నౌకరి పోతుందన్న వారి భయం తీరలేదు. ఏడాది పొడుగునా ఆఫీసు కవరు వస్తే చాలు, విప్పలేక రాజం చేతికిచ్చేవారు. "గిది సున్నం టెండరు మియా, నీ ఉరికాగితం గాదు" అని అతడు నవ్వేవాడు. చివరకు 1964లో వచ్చిన ఖాయం ఉత్తర్వును సైతం అతడే చదివి వినిపించవలసి వచ్చింది.

మొన్న చీకటిగది తాళంచెవి, బాధ్యతలు స్వీకరిస్తూ మా కైలాసం అడిగాడు: "చాచా, పలక పడితే నాకొచ్చే గీ చేతుల వణుకు ఎన్నడు పోతది?"

"పోయిన్నాడు తాళంచెవి ఇచ్చెయ్ బిడ్డా."

ఆ వణుకును ఇక మా చేతులకు వదిలి, ఇనాయతుల్లా గారు ఆయురారోగ్యాలతో, తరగని కంటిచూపుతో, చీకటి పడితే అది నిద్రకే అన్నంత నిశ్చింతగా నిండు నూరేండ్లు వర్ధిల్లాలని మా వేధశాల యావత్తూ మనసారా కోరుకుంటున్నది.