రెడ్డి వచ్చేదాకా ఆగలేని లేవి

పెద్దలారా, అమ్మలారా, ప్రార్థన ముగించుకోని వచ్చిన మా పేటోళ్లారా! కుర్చీ దొరికినోళ్లకూ దొరకనోళ్లకూ దండాలు. లేవన్న పోయినాడు. ఎంతమంది వచ్చినారప్పా! ఇందులో నలుగురు పోయిన వారం ఆయప్ప గుడిసెకాడికి వచ్చింటే, ఈ పొద్దు ఈ సభే ఉండేది కాదు.

నేను ఐదో తరగతిలో బడి ఇడిసినోన్ని. నాపరాళ్ల గనిలో లేవన్న పక్కన బండలు ఎత్తినోన్ని. తియ్యగా మాట్లాడేది నాకు రాదు.

కుందేరు పొంగిన యేడు ఎవురికన్నా గుర్తుండాదా? పెద్దరెడ్డి తల్లికి జరం ముదిరి కండ్లు తేలేసింది. ఏట్లో బండి పోదు. అవ్వ మంచానికి ముందు భుజం పెట్టిందెవురు? లేవన్న. మిగిలినోళ్లు ఒకరి మొగం ఒకరు చూస్తాంటే, "ముందెవురని చూస్తాంటే మంచం ఏట్లో పోతాది, రాండప్పా" అన్నాడు.

పుల్లయ్యా, తల దించుకోవద్దు. బావి కూలి నీ మీద మట్టి పడితే నిన్ను గోర్లతో తవ్వి తీసిందెవురు? దిగేముందు ఎవురినన్నా అడిగినాడా?

అట్లాటోనికి బండ ఎత్తతాంటే పేగు జారి మెలి పడింది. కర్నూల్లో కోత చేయించకపోతే పేగు కుళ్లుతాదని కాంపౌండరు చెప్పె. ఆయప్ప పెండ్లాము ప్రేమమ్మ వదిన కొంగు చాపి ఇల్లిల్లూ తిరిగె. మీరేమంటిరి? "చందాకు మొదటి చెయ్యి పెద్దరెడ్డిది. ఆయప్ప అహోబిలం తిరనాళ్లకు పోయినాడు, రానీ."

ముందిస్తే ఏమైతాది? చెయ్యి ఊడిపోతాదా? లేనోడు ఇయ్యకపోతే నాకు కోపం లేదు. మీకు ఇయ్యల్లనే ఉండె! దుడ్లు రొంట్లో పెట్టుకోని దోవ చూస్తిరే, థూ, అదే నాకు అసయ్యం.

రెడ్డి వచ్చినాడు. "నేను రావల్లని ఎవురు చెప్పినార్రా? మీకు చేతుల్లేవా?" అని అరిచి, కర్నూలుకు మోటరు బండి పెట్టించినాడు. అప్పుడు చూడల్ల మీ పోటీ! చందా తువ్వాలు నిండిపోయె. కర్నూల్లో పొట్ట కోసినారు. పేగు అంతా నల్లగై ఉండాది. డాక్టరు చేతులు కడుక్కున్యాడు.

మిగిలిన చందాతోనే ఈ పందిరి, ఈ పూలదండ. శానా బాగుండాయి. కండ్లారా చూసుకోండి.

ఇంగ లేవన్న కోసం రొంతసేపు నోరు మూసుకోని నిలబడదాం. ఏమప్పా, మళ్లా రెడ్డి లేస్తాడేమోనని అటే చూస్తాండారే! వదినా, నువ్వు కూచో. ఇంటింటికీ తిరిగిన కాళ్లు నీవి. మిగిలినోళ్లు, ఎవురి కాళ్ల మీద వాళ్లు, లేయండి.