కామా మాస్టారి సగం వాక్యం

ఏదీ, ఇలా చూపించు. వాక్యంలో ముందు సగం బళ్లో వాళ్లిచ్చి, మిగతాది నిన్ను రాయమన్నారా? ఓసి నా తల్లీ, ఇవి నాకు కొట్టిన పిండే. కామా మాస్టారి దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నదాన్ని మరి. దర్జీ కొట్టు పైన ఒకే ఒక గది. కింద కుట్టుమిషన్ల చప్పుడు, పైన ఆరుగురు ఆడపిల్లలం. మాస్టారికి ఇరవై ఆరో ఇరవై ఏడో. మనిషీ సన్నమే, గొంతూ సన్నమే. మధ్యాహ్నం పూట ఆ మిషన్లు జోల పాడుతున్నట్టుండేవి, మాకేమో కళ్లు మూతలు పడేవి. ఆయన మాత్రం ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు చెప్పేవారు. మామూలు వాక్యం ఒంటికాయ శొంఠికొమ్మట, దాని బతుకు దానిది. మధ్యలో ‘అండ్’, ‘బట్’ వస్తే అన్నదమ్ములిద్దరట, గోడ ఒకటే, పొయ్యిలు వేరు. ‘ఇఫ్’తో మొదలైనది మాత్రం ఒంటరిగా నిలబడలేదట, రెండోవాళ్లు వచ్చేదాకా చూస్తూ కూర్చుంటుందట.

రోజూ మా పుస్తకాల్లో సగం వాక్యం రాసి, కామా పెట్టి ఇచ్చేవారు. అందరికీ ఒకటే. నాకేమో అందర్నీ నవ్వించాలని తిక్క. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్,’ అనిస్తే ‘ఐ విల్ సెల్ మై అంబ్రెల్లా’ అని రాసే రకాన్ని. ఒకరోజు నా పుస్తకంలో ‘ఇఫ్ యూ సే ఎస్,’ అనుంది. ఆలోచించానా పాడా, ‘ఐ విల్ సే నో’ అని రాసి గొప్పగా చేతికిచ్చాను. ఆయన ఎర్రసిరాతో రైటు కొట్టి, “వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు” అన్నారు.

ఇంటికొస్తూ దర్జీగారమ్మాయి పుస్తకం చూద్దును కదా, ‘ఇఫ్ ద ట్రెయిన్ ఈజ్ లేట్,’ అనుంది. మిగతా నలుగురివీ లాక్కుని చూశాను. అందరికీ రైలే. నా ఒక్కదానికే వేరేది. నవ్వకు, ఆయనంటే నాకు ప్రాణం. తెల్లారి పరుగెత్తుకెళితే గదికి తాళం. వేరే ఊరి ఉద్యోగం వారంనుంచీ రమ్మంటోందట, నిన్న సాయంత్రమే సరేనన్నాడని దర్జీగారు చెప్పారు. ఏ ఊరో దర్జీగారికీ తెలీదు. మాస్టారు పోయారని కూడా ఎన్నేళ్లకో ఎవరో అంటే విన్నాను. మీ తాతయ్య బంగారంలాంటి మనిషి, అబద్ధమెందుకు, ఆయనతో సుఖంగానే బతికాను. అయినా ఆ పుస్తకం తీసి చూస్తే, నేను రాసిన దాంట్లో దిద్దడానికి ఒక్క అక్షరం లేదే. మాస్టారు ఇంకొక్క రోజు ఆగి ఉంటే...