ఫిక్సర్‌లో వేసిన ముక్క

స్నానాలగది చీకట్లో అన్న ఫిల్మును వెలుతురు చొరని డబ్బాలో పెట్టి బిగించి, లైటు వేశాడు. ఫిక్సర్, అంటే డెవలప్ కాని పూతను కరిగించి వచ్చిన బొమ్మను నిలిపే ద్రావణం, పనిచేస్తోందో లేదో చూడటానికి, ఆ ఫిల్ములోంచే కోసి ఉంచిన చిన్న ముక్కను అందులో వేశాడు. చెల్లెలు గడియారం పట్టుకుంది.

"తేటపడింది. ఎంతసేపైంది?"

"రెండు నిమిషాలు."

"అయితే ఫిల్మును దానికి రెట్టింపు, నాలుగు నిమిషాలుంచాలి. తగ్గితే బొమ్మలు కొన్నాళ్ళకి మాసిపోతాయి."

"ముక్క ఏ చివర కోశావన్నయ్యా?"

"లోపలి చివర. చీకట్లో అదే చేతికొచ్చింది."

"పోయే ముందురోజు తీసిన అమ్మ బొమ్మ, ఆ చివరేగా ఉంది?"

"ఆ."

"డెవలప్ చెయ్యకుండానే ఇందులో వేశాం. ఇంక బొమ్మేమీ రాదా?"

"రాదు."

అతను ముక్కను పైకెత్తాడు. అందులోంచి ఆమెకు అన్న కన్ను కనిపించింది.

"దీన్నీ కడిగి ఆరెయ్యనా?"

"ఆరెయ్యి. బాగా ఫిక్సయింది. ఇంక మాసిపోదు."