సీసా మీద రాసిన సమయం

1991 ఫిబ్రవరి పన్నెండవ తేదీన ఆలేరు సమీపంలోని ఒక ఉపకేంద్రంలో ఆరోగ్య కార్యకర్తగా చేరిన శ్రీమతి స్వర్ణ గారు, ముప్పై నాలుగేళ్ళకు పైబడిన సేవను ముగించుకొని ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజు ఆమె వెంట తీసుకువెళ్ళినవి రెండే: నియామక పత్రం, చర్చిలో సంఘపెద్దగా ఉన్న తండ్రి గుర్వయ్య గారు కొనిచ్చిన చేతి గడియారం. గడియారం పట్టీ ఇప్పటికి ఆరుసార్లు మారింది. గడియారం మారలేదు.

ఆలేరులో పదకొండేళ్ళు, ఆ తరువాత షాద్‌నగర్‌లో పదమూడేళ్ళు ఆమె పనిచేశారు. ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి కిరాయి గదుల్లో ఉండే కుటుంబాలు నెలకో చోటికి మారుతుంటే, ఏ గదిలో ఏ పసిబిడ్డకు ఏ టీకా బాకీ ఉందో ఆమె పుస్తకం చూడకుండా చెప్పేవారు. ఆదివారం ఆరాధనకు కట్టుకొన్న తెల్లచీరనే ఉతికి, గంజి పెట్టి, బుధవారం టీకాల రోజున కట్టుకొనేవారు. పని వేళల్లో తన విశ్వాసం గురించి ఆమె ఎవరితోనూ ప్రసంగించలేదు. అడిగినవారికి మాత్రం, రెండు రోజులూ తనకు ఒకటేనని చెప్పి ఊరుకొనేవారు.

2015లో కేతేపల్లి మండలానికి బదిలీపై వచ్చినప్పుడు, ఆమెకు అప్పగించిన ఊళ్ళలో ఒకదానిలో టీకా అంటేనే తలుపులు మూసేవారు. టీకాల వల్ల పిల్లలకు జబ్బులు వస్తాయన్న పుకారు ఆ ఊళ్ళో గట్టిగా నాటుకుపోయి ఉంది. ప్రతి ఇంటి గడప దగ్గరా నిలబడి, వారు ఎంత విసుక్కున్నా తాను విసుగు చూపకుండా, ఆ తలుపులన్నీ తెరిపించడానికి ఆమెకు మూడేళ్ళు పట్టింది. అలా సంపాదించిన నమ్మకం ఒక్క పూటలో పోతుందేమో అన్నంత పరీక్ష 2018 నవంబరులో ఒక బుధవారం నాడు ఎదురైంది.

తట్టు టీకా పొడిరూపంలో వస్తుంది. అందులో నీటిమందు కలిపిన తరువాత నాలుగు గంటల్లోపు వాడాలి, ఆపైన అందులో క్రిములు పెరిగి బిడ్డకు ప్రమాదం కావచ్చు గనుక మిగిలింది పారేయాలి. అందుకే కలిపిన సమయాన్ని సీసా మీద రాస్తారు. ఆ రోజు స్వర్ణ గారు తొమ్మిది నలభైకి మందు కలిపారు. పత్తి ఏరే రోజులు కావడంతో ఇద్దరు తల్లులు, ఆ ఊరి పెద్దమ్మ ఇక్బాల్ బీ గారి కోడలు సబా, ఆ పక్కింటి మంజులత, పసిబిడ్డలతో సహా చేలల్లోనే ఉండిపోయారు. వారి కోసం చూసి చూసి, చివరకు టీకా డబ్బా భుజాన వేసుకొని ఆమే చేను గట్టుకు నడిచి వెళ్ళి, ఇద్దరు ఆడపిల్లలకూ టీకాలు వేసి వచ్చారు. మూడు గంటలకు ఉపకేంద్రంలో రిజిస్టరు రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది. ఆ టీకాలు వేసింది రెండుంబావుకు. గడువు దాటి ముప్పై అయిదు నిమిషాలు.

ఆ సమయంలో పక్కనున్న తోటి ఉద్యోగి ఒకరు మంచి మనసుతోనే ఒక మాట అన్నారు: "ఒకటిన్నరకు ఏసినట్టు రాయున్రి మేడం. పిల్లలు మంచిగనే ఉన్నరు. ఎవరికి ఎరుక?"

స్వర్ణ గారు రెండుంబావు అనే రాశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ అమరేందర్ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పారు. రెండు రోజులు పిల్లలను కనిపెట్టి ఉండాలని, ఆ టీకా లెక్కలోకి రాదు గనుక నాలుగు వారాల తరువాత మళ్ళీ వేయాలని ఆయన చెప్పారు. ఫోన్ పెట్టేసి, ఆటో ఎక్కి, ఆమె నేరుగా ఆ ఊరికి వెళ్ళారు.

ఇక్బాల్ బీ గారు అంతా విని, మనవరాలిని ఎత్తుకొని లోపలికి వెళ్ళిపోయారు. మంజులత మాత్రం ఊరుకోలేదు. "మూడేండ్ల సంది మీరు చెప్పినట్టే విన్నం. గిప్పుడు మీదే తప్పాయె అంటిరి. ఇగ మేమెవల్ని నమ్మాలె సిస్టరమ్మా?" అని అడిగింది. నాలుగు వారాలకు మళ్ళీ టీకా వేయించాలని స్వర్ణ గారు రెండిళ్ళలోనూ చెప్పారు. ఆ రెండు రోజులూ ఉదయం, సాయంత్రం వెళ్ళి పిల్లల ఒంటి వేడి చూశారు. శుక్రవారం సాయంత్రానికి ఇద్దరూ కేరింతలు కొడుతుంటే, ఆమె మంజులత ఇంటి గడప మీద కూలబడి, మంచినీళ్ళు అడిగి, చెంబెడూ తాగారు.

పిల్లల గండం గడిచినా, తల్లులు మళ్ళీ వస్తారో రారో తేలలేదు. డిసెంబరు మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజన సంస్కారం. ఎవరి పట్లనైనా తప్పు చేసి, అది సరిచేసుకోకుండా ఆ రొట్టె, ద్రాక్షారసం ముట్టరాదన్నది తండ్రి కాలం నుండి ఆ ఇంటి కట్టుబాటు. ముప్పై ఏళ్ళలో మొదటిసారిగా ఆమె ఆ ప్రభు భోజనపు బల్ల దగ్గరకు వెళ్ళలేదు. కారణం అడిగిన పాస్టరమ్మతో, "ఇద్దరు తల్లుల ముందర నా మాట ఇంకా తేలలే" అని మాత్రం అన్నారు.

డిసెంబరు పన్నెండు, బుధవారం. అంగన్‌వాడీ గదిలో పదకొండు దాటేవరకు ఒక్క తల్లీ రాలేదు. స్వర్ణ గారు డబ్బా మూత తెరవకుండా గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు మనవరాలిని చంకనేసుకొని ఇక్బాల్ బీ గారు, వెనుక సబా, ఆమె వెనుక బిడ్డతో మంజులత వచ్చారు. మందు కలిపి సమయం రాయగానే ఇక్బాల్ బీ గారు చెయ్యి చాపారు.

"జర సీసా చూపియ్యి సిస్టరమ్మా. నాకు చదువు రాదు, మా కోడలు చదువుతది."

సబా చదివింది: పదకొండు ఇరవై. ఆ పెద్దమ్మ గోడ గడియారం వైపు ఒకసారి చూసి, మనవరాలిని ఒడిలో సర్దుకొన్నారు.

"తప్పైందని ఇంటికొచ్చి చెప్పేటామె సూది ఏస్తే నాకేం ఫికర్ లేదు. చెప్పనోళ్ళతోనే ఫికర్. ఇగ ఎయ్యి. గీసారన్న పిల్ల ఏడ్వకుంట ఎయ్యి."

పిల్ల ఏడ్చింది. అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి గది నిండింది. జనవరి మొదటి ఆదివారం స్వర్ణ గారు ప్రభు భోజనంలో పాలు పంచుకొన్నారు.

కరోనా కాలంలో చాలాచోట్ల టీకా అంటే జనం వెనుకాడినప్పుడు, ఆ ఊరు ముందుకొచ్చి వరుసలో నిలబడింది. ఈనాటికీ అక్కడి తల్లులు బిడ్డను ఒడిలో పెట్టుకొని, ముందుగా సీసా మీద సమయం చూపించమంటారు. కొత్తగా వచ్చిన సిబ్బంది నొచ్చుకొంటే, ఇది స్వర్ణ సిస్టరమ్మ పెట్టిన అలవాటని చెబుతారు. ఆమె ఆ ఊరికి ఇచ్చి వెళుతున్న ఆస్తి అదే. ఆనాటి ఇద్దరు పసిబిడ్డలు, జబీన్, వర్షిత, ఇప్పుడు రెండవ తరగతి చదువుతున్నారు. ఎవరైనా అడిగితే సీసా మీద అంకెలు తామే చదివి పెడతారు.

మొన్న రిజిస్టర్లు అప్పగిస్తూ, తన స్థానంలో వచ్చిన అమ్మాయికి స్వర్ణ గారు మొట్టమొదట తెరిచి చూపించినది 2018 నవంబరు నాటి ఆ పుట. పుస్తకం మూసి, బరువు దించుకొన్న మనిషిలా హాయిగా నవ్వారు. దాచవలసిన పుట ఒక్కటీ లేకుండా ఉద్యోగం ముగించగలగడం ఎంత నిశ్చింతో ఆ నవ్వులో కనిపించింది.

స్వర్ణ గారికి ప్రభువు నిండైన ఆరోగ్యాన్ని, నిదానంగా గడిచే దీర్ఘాయుష్షును ప్రసాదించుగాక. వారి తెల్లచీరకు ఇకపై ఆదివారం ఒక్కటే పని ఉండుగాక. తండ్రిగారి గడియారం ఆ చేతి మీద ఆడుతూనే ఉండుగాక, దాని వైపు చూడవలసిన అవసరం లేని బుధవారాలు వారికి వందలుగా లభించుగాక.