పద్దెనిమిదికి నాలుగు

మా అమ్మాయి బతికింది సార్! ఆక్సిజన్ మాస్క్ లేకుండా తన ఊపిరి తనే పీల్చుకుంటోంది. ముందు ఈ మాట రాసుకోండి. తర్వాత నన్నేం చేసినా సరే.

పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు డెబ్బై ఒకటి. ఐదో తరగతి దాకా చదివాను. ఇళ్ళకు సున్నాలు, రంగులు వేయడం నా పని. అందరూ సున్నం మేస్త్రీ అంటారు. ఈరోజు పొద్దున ఆసుపత్రిలో నర్సమ్మను గదిలో ఉంచి గడియ పెట్టాననీ, డాక్టర్లను లోపలికి రానివ్వలేదనీ నా మీద ఫిర్యాదు. చేశాను సార్. కాదనను.

పోయిన సోమవారం అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చాం. జ్వరం, దగ్గు, ఆ తర్వాత ఆయాసం. "నాన్నా" అని పిలవడానికి మధ్యలో ఆగి గాలి పీల్చుకునేది. పక్కటెముకలు ఎగిరెగిరి పడేవి. నేను వాటినే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆగిపోతాయేమోనని కళ్ళు తిప్పుకునేవాణ్ణి కాదు.

ఛాతీకి ఎక్స్-రే తీశారు. పెద్ద డాక్టరమ్మ ఆ ఫిల్మును లైటు బోర్డు మీద పెట్టి, పక్కనున్న చిన్న డాక్టరుకు వేలితో చూపించింది. ఒక్కో ఊపిరితిత్తిని మూడు భాగాలు చేస్తారట. రెండింటికీ కలిపి ఆరు. ఒక్కో భాగానికి మూడు మార్కుల దాకా వేస్తారట. అన్నీ కూడి, "పద్దెనిమిదికి పద్నాలుగు" అంది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఫిల్ము కూడా చూశాను. ఎముకల మధ్యంతా రెండు పూతల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మా పనిలో తెలుపంటే మంచి గోడ. నలుపంటే చెమ్మ, పొగ. పైగా పద్నాలుగు మార్కులు! మా వంశంలో ఎవడికైనా వచ్చాయా సార్? డాక్టరమ్మ నవ్వలేదు కానీ, మార్కులు వేసే మాస్టర్లు మాత్రం నవ్వుతారా అనుకున్నాను. చుట్టాలందరికీ ఫోన్ చేసి అమ్మాయి ఫస్టు క్లాసులో పాసైందని చెప్పాను.

గురువారం మళ్ళీ ఫిల్ము తీశారు. పది. నాలుగు మార్కులు పోయాయి. ఎవరినైనా అడుగుదామంటే భయం. అడిగితే చెప్పేస్తారేమోనని భయం. అమ్మాయి నిద్రలోనే ఉంటోంది. ఎగిరిపడే పక్కటెముకలు నెమ్మదించాయి. ఓపిక అయిపోయిందనుకున్నాను.

ఈరోజు పొద్దున నాలుగు. నాలుగే సార్. పద్దెనిమిదికి నాలుగు. ఫిల్ము చూస్తే పొగ పట్టిన వంటగది గోడలా నల్లగా ఉంది. డాక్టరమ్మ నర్సమ్మతో, "ఇంక ఆక్సిజన్ తీసేయొచ్చు" అంది. అంత మాట అంత తేలిగ్గా ఎలా అందో! వరండాలోకి వెళ్ళి మళ్ళీ అందరికీ ఫోన్లు చేశాను. "లాభం లేదు, బయల్దేరండి" అన్నాను. ఆ తర్వాత గదిలోకి వెళ్ళి, గడియ పెట్టి, మందుల బీరువాను తలుపుకు అడ్డంగా లాగాను.

నర్సమ్మ లోపలే ఉంది. "బాబాయ్, ఏంటిది? తలుపు తియ్యండి."

"తియ్యను తల్లీ. నా బిడ్డ గాలి తీసేస్తే ఊరుకోను."

"తగ్గింది బాబాయ్, అందుకే తీస్తున్నాం!"

"మార్కులు తగ్గాయని నాకూ తెలుసు!"

బయట తలుపు బాదుతున్నారు. ఇంతలో అమ్మాయి కళ్ళు తెరిచి, మాస్క్ తనే లాగేసుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తి ఆ మాస్క్ దాని ముఖానికేసి నొక్కాను. అది తల విదిలించింది. ఇంకా గట్టిగా నొక్కాను. నర్సమ్మ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. అప్పుడు మా అమ్మాయి మాట్లాడింది సార్.

"నాన్నా, నువ్వు నన్ను చంపేసేలా ఉన్నావు, ముందు ఆ చెయ్యి తియ్యి, ఆ బీరువా అవతలికి జరుపు, ఆవిడ కాళ్ళ మీద పడి క్షమించమను, అసలు నిన్ను లోపలికి రానిచ్చిందెవరు?"

ఎక్కడా ఆగలేదు సార్! అంత పొడుగు తిట్టు, ఒక్క ఊపిరిలో! నేను కింద కూలబడి, "ఇంకో నాలుగు తిట్టమ్మా" అని ఏడ్చాను. బీరువా జరిపింది నర్సమ్మే.

డాక్టరమ్మ కోప్పడి, తర్వాత మొదటి ఫిల్మునూ ఈరోజు ఫిల్మునూ పక్కపక్కన పెట్టి చూపించింది. నలుపంటే గాలి. తెలుపంటే నెమ్ము. మార్కులు ఊపిరితిత్తులకు కాదట, జబ్బుకట. ఫిల్ము ఒక్కటే చూసి ఏదీ తేల్చరట, మనిషి ఆయాసం, రక్తంలో ఆక్సిజన్ కూడా చూస్తారట. అంటే నేను పాసైందని పండగ చేసుకున్న రోజున నా బిడ్డ చావుకు దగ్గరగా ఉందన్నమాట. అది తలుచుకుంటే ఆ ఫోన్లన్నీ వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది సార్.

నర్సమ్మకు చేతులెత్తి దండం పెట్టాను. ఆమె బెదిరిపోయింది, తప్పు నాదే. ఏ శిక్ష వేసినా పడతాను.

నేను చెప్పినట్టే రాశారు, చదివితే విన్నాను, ఇందులో అబద్ధం ముక్క లేదు. నా ఫోన్ మీ దగ్గరే ఉంది కాబట్టి, సంతకం చేసేముందు ఒక్క సాయం చేయండి సార్. వీళ్ళకు కబురు చెప్పాలి:

అందరికన్నా ముందు మా అల్లుడికి. లారీ తోలుతూ ఏడుస్తూ వస్తున్నాడు. బండి పక్కన ఆపాకే చెప్పండి.

మా ఇంటావిడకు. ఆమెకు బీపీ, "బతికింది" అనే మాటతోనే మొదలుపెట్టండి.

మా వియ్యపురాలికి. నన్ను తిడుతుంది, తిట్టనివ్వండి.

మా పెద్దక్కకు. చెవుడు, గట్టిగా అరవాలి.

రైల్లో ఉన్న మా బావమరిదికి. వెనక్కి వెళ్ళొద్దనండి, వచ్చి చూసే వెళ్ళమనండి.

మా మనవరాలికి మాత్రం మీరు చెప్పకండి. ఆసుపత్రికి ఫోన్ కలిపి వాళ్ళమ్మకు ఇప్పించండి. అదే మాట్లాడుతుంది.

(సంతకం, పక్కన ఎడమచేతి వేలిముద్ర)