మెర్వ్ ఒంటిచేత్తో ఆపిన మంచు

కొండ మీద స్కీ చేయనిచ్చే మెర్వ్ పాసు పొద్దున్నే ఊడిపోయింది. మంచు విరిగిపడుతుందని మూసేసిన వాలుకి కట్టిన తాడు కిందనుంచి దూరాడని గస్తీ పెద్ద రీపెకా ఆ పాసుని లాక్కుని జేబులో వేసుకుంది. అది తిరిగి రాకపోతే ఈ చలికాలమంతా స్కీలు గోడకి ఆనించి, క్లబ్బు వంటింట్లో గిన్నెలు తోమాల్సిందే. మా కొండ మీద మినహాయింపు ఒక్కటే: ఎవరినైనా కాపాడటానికి దూరితే తప్పు లేదు. ఇంకేం, టీ గదిలో పొయ్యి పక్కకి కుర్చీ లాక్కుని మెర్వ్ మొదలెట్టాడు. రీపెకా వాకీటాకీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి వింటోంది.

"గొప్పకి చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, తాడుకి అవతల ఎర్ర చేతి తొడుగొకటి కనబడింది. పాపం ఎవరిదో, తీసిద్దామని వెళ్లాను. అంతే! తొడుగులో చెయ్యుంది!"

"అయ్యయ్యో!" అంది టీ పోస్తున్న నోలా.

"చేతి వెనక మనిషి! పట్టి లాగితే ముల్లంగి ఊడినట్టు ఊడొచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడి కాలు పట్టుకుని వాళ్లావిడ, ఆవిడ కాలు పట్టుకుని వాళ్లత్త, లాగేకొద్దీ వస్తూనే ఉన్నారు, బస్సెడు జనం!"

"బస్సు రాలేదా?" అన్నాడు పక్క బల్ల దగ్గరున్న కీత్.

"అక్కడికే వస్తున్నా, ఆగవయ్యా! చివర్లో బస్సే వచ్చింది. లోపల డ్రైవరు మటన్ కూరిన రొట్టె తింటున్నాడు, పొగలు కక్కుతోంది! ఇంతలో పైన ధన్‌మంది. చూస్తే కొండలో సగం ఊడి మా మీదకొచ్చేస్తోంది! మీరైతే లగెత్తేవాళ్లు. నేను జనాన్ని బస్సెక్కించి, బస్సుని నడుముకి కట్టుకుని స్కీల మీద కిందికి లాగాను. మంచు నా మడమల దాకా వచ్చేసింది. ఇలా కాదని ఆగి, వెనక్కి తిరిగి, ఎడమ చెయ్యి ఇలా చాపి 'ఏయ్, ఆగు!' అన్నాను. కుడి చేతిలో డ్రైవరు రొట్టె ఉంది మరి."

"ఆగిందా?"

"ఆగడమా! సిగ్గుపడి వెనక్కెళ్లి ఎక్కడిదక్కడ సర్దుకుంది. అనుమానముంటే చూసుకోండి, వాలు నిన్నటిలాగే ఉందా లేదా?"

కీత్ బల్ల చరిచి నవ్వాడు. "రీపెకా, ఆ పాసు ఇచ్చెయ్యి తల్లీ!"

రీపెకా నవ్వలేదు. "ఇస్తాను. కానీ మెర్వ్, లోపలికెళ్లిన స్కీ గీతలు చూసి, ఆ వాలు మీది మంచుని మందు పెట్టి పేల్చి దించెయ్యకుండా పొద్దున్నుంచీ ఆగాం. నువ్వు లాగిన బస్సు ఇంకా కిందికి రాలేదు. అంటే జనం లోపలే ఉన్నారు. సైరన్ మోగిస్తాను. ఇక్కడున్నవాళ్లందరూ పొడవాటి కర్రలు మంచులో గుచ్చి చూస్తూ వెతకాలి, ఎప్పుడు ఊడుతుందో తెలియని ఆ మంచు కిందే. నువ్వు ముందు నడవాలి. మోగించనా?"

కీత్ అప్పుడే వంగి బూటు తాళ్లు కట్టుకుంటున్నాడు. నేను కోటు అందుకున్నాను. మెర్వ్ అందరి ముఖాలూ చూశాడు.

"మోగించకు. ఎవరూ లేరు, నేనొక్కణ్ణే. కొత్త మంచు, ఎవరూ తొక్కలేదు... ఆగలేకపోయాను."

"ఆ తొడుగు?"

"నాదే."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు, రీపెకా."

ఆమె వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. "లోపల ఎవరూ లేరు. పేల్చెయ్యండి."

పేలుడుకి కిటికీ అద్దాలు అదిరాయి. వాలు పైన ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక గీత పడింది. గీత కింద ఉన్నదంతా ఒక్కసారి కదిలింది. మెర్వ్ గీతలు, తాడు, తాడు కట్టిన గుంజలు, అన్నీ మేం ఊపిరి తీసుకునేలోగా పోయాయి. తెల్లటి మంచు పొడి లేచి కిటికీని కమ్మేసింది. అది విడిపోయాక చూస్తే, పొద్దున మెర్వ్ తిరిగిన చోట ఇంటెత్తున మంచు గడ్డలు.

మెర్వ్ కప్పులోని టీ మోకాలి మీదికి కారుతోంది. అతనికి తెలియడం లేదు. రీపెకా పాసుని జేబులో ఇంకా లోపలికి తోసుకుంది.

నోలా అతని చేతిలోంచి కప్పు తీసుకుంది.

"ఏ చేత్తో ఆపానన్నావు, మెర్వ్?"

మెర్వ్ రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.